చివర వచ్చేవాళ్ళు గేటు వెయ్యాలి

ఆస్ట్రియా, కొండల్లో ఒక ఊరు
జులై మొదట్లో

అమీర్‌బీ అక్కకి,

దుర్గ నమస్కారాలు. నువ్వూ పెద్ద మామా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇంటావిడని మామా అనీ, ఆయన్ని బాబా అనీ, ఆయన తల్లిని పెద్ద మామా అనీ పిలవాలని నువ్వే నేర్పావు కదా, కాగితం మీద కూడా అలాగే వస్తోంది. ఫోటోలు తీస్తాననీ, దానా పాపని చూడకుండా ఫోన్లో తల పెడతాననీ మామా నా ఫోను అక్కడే బీరువాలో పెట్టి తాళం వేసింది కదా. అందుకని ఇన్నేళ్ళ తర్వాత కాగితం పట్టుకున్నాను. బాబా పని మీద కువైట్ వస్తున్నారు. వాళ్ళమ్మగారికి పంపే చాక్లెట్ల సంచిలో అడుగున ఇది పెడుతున్నాను. నువ్వు జవాబు మసాలా డబ్బాలో పెట్టి పంపు. వీళ్ళెవరికీ తెలుగు రాదు, చూసినా వంట సంగతులనుకుంటారు.

అక్కా, కోనసీమలో పుట్టినదాన్ని, నాకు పచ్చదనం కొత్తా? అయినా ఇది వేరు. మా ఊళ్ళో పచ్చదనం పడుకుని ఉంటుంది, ఇక్కడ నిలబడి ఉంటుంది. కొండ నిండా గడ్డి, దాని పైన రాయి, రాళ్ళ సందుల్లో ఇంకా కరగని మంచు. నువ్వక్కడ కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు పడుతుంటాయి, నేనిక్కడ చలికి దానా పాప పాత శాలువా కప్పుకున్నాను. కోప్పడకు.

రోజూ పొద్దున్నే నడక. మామా ఒక గైడుని మాట్లాడింది, హన్నా అని, నా ఈడు మనిషే. తీగ మీద వెళ్ళే డబ్బాలో మమ్మల్ని పైకి తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి ఆవులు మేసే బీళ్ళ మీదుగా, వాగుల పక్కన నడిపించి మధ్యాహ్నానికి ఒక చెక్క ఇంటి దగ్గర ఆపుతుంది. అక్కడ మజ్జిగా రొట్టే అమ్ముతారు. తిన్నాక ఇంకో దారిన దింపేస్తుంది. దారి తప్పకుండా రాళ్ళ మీద ఎరుపూ తెలుపూ రంగు పూసి ఉంటుంది.

హన్నాకి కొన్ని పద్ధతులున్నాయి. పువ్వు తెంపకూడదు. దూడ ఉన్న ఆవు దగ్గరికి పోకూడదు. ఒక బీడుకీ ఇంకో బీడుకీ మధ్య చెక్క గేట్లు ఉంటాయి, అందరికంటే చివర వచ్చేవాళ్ళు గేటు వెయ్యాలి. ఆ ఉద్యోగం నాదే. సంచులు మోసుకుంటూ చివర నడిచేది నేనే కదా. మొదటిరోజు నా రబ్బరు చెప్పులు చూసి, మర్నాడు తన పాత బూట్లు తెచ్చి ఇచ్చింది. సరిగ్గా పట్టాయి. మామా ముఖం కొంచెం ముడుచుకుంది గాని ఏమీ అనలేదు. చెక్క ఇంటి దగ్గర హన్నా నన్ను తన పక్కనే బల్ల మీద కూర్చోబెట్టుకుంది. ఆయ్, నన్నే. మామాకి ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగాను. గొంతు దిగితే ఒట్టు.

నీ
లక్ష్మీదుర్గ


సబా అల్ సలేం, కువైట్
జులై నడిమిన

దుర్గమ్మీ,

సలాం. చాక్లెట్లు పెద్ద మామాకి, కాగితం నాకు చేరినాయి. నేను వంటింట్లో కూర్చుని చదువుకుంటా ఉంటే పెద్ద మామా మంచం మీద నుంచి కేకేసింది, ఏందది అని. దుర్గ రాసిందంటే చదవమంది. తెలుగు చూసుకుంటా, నోటికొచ్చిన అరబ్బీలో చెప్పుకుంటా పోయినా. వాళ్ళాయన బతికున్న రోజుల్లో, మోకాళ్ళు బాగున్నప్పుడు, ఆమె కూడా ఆ కొండలకే పోయేదంట. ఆ గేట్లు ఇంకా ఉన్నాయా అని అడిగి నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంక నీ ఉత్తరం వచ్చిన రోజే మాకు పండగ, బాగా రాయి.

ఒక్క మాట చెప్తా విను. ఆ హన్నా మంచిదే కావచ్చు. కానీ నిన్ను బల్ల మీద కూర్చోబెట్టిన మనిషి అక్కడే ఉండిపోతుంది, నువ్వు మామా వెనకాల ఈ ఇంటికే రావాల. ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నీకేం నేర్పినా? మామా ఏమన్నా అడిగితే ముందు హాదిర్ అను, చిత్తం అను. ఏమడిగిందో తర్వాత అర్థం చేసుకోవచ్చు. రాయచోటి నుంచి వచ్చిన నాటి నుంచి ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చినా. బల్ల మీద కూర్చున్నా సరే, ఆ మాట మరిచిపోవద్దు.

ఇక్కడ ఎండ సంగతి రాస్తే కాగితం కాలుతుంది. నిమ్మకాయ కారం పంపుతున్నా, మామాకి కనపడకుండా తిను.

అమీర్‌బీ


ఆస్ట్రియా
జులై చివర

అక్కకి,

నిమ్మకాయ అందింది. ఇక్కడ వానలు. దానా పాప కింద పడి గడ్డం చిట్లింది, కుట్లు వేశారు, తగ్గిపోయింది. పెద్ద మామాకి కంగారు పడొద్దని చెప్పు. హన్నా ఇప్పుడు రావడం లేదు. ఎవరో మగమనిషి వస్తున్నాడు, గబగబా నడుస్తాడు. నేను మళ్ళీ చెప్పులే వేసుకుంటున్నాను.

ఇంకేం విశేషాలు లేవు. బాబా బయల్దేరుతున్నారు.

దుర్గ


సబా అల్ సలేం
ఆగస్టు మొదట్లో

దుర్గా,

నీ ఉత్తరం ఉప్పు లేని కూర మాదిరి ఉంది. పెద్ద మామా చదవమంటే ఏం చదవాల? వానలు అని చెప్పి ఊరుకున్నా.

బాబానే వాళ్ళమ్మకి చెప్పినాడు. గైడమ్మ పాపని తన దగ్గర పెట్టుకుని, తర్వాత ఆవుల్లో వదిలేసి పోయిందంట కదా. మామా హోటలోళ్ళకి ఫిర్యాదు రాసిచ్చిందంట, ఆమె మెడలో ఉండే గైడు బిళ్ళ తీసేసుకున్నారంట. విచారణ అయ్యేదాకా ఆమె ఎవర్నీ కొండకి తీసుకుపోకూడదంట. పెద్ద మామా అట్లాంటి మనిషిని జైల్లో పెట్టాలని శాపనార్థాలు పెట్టింది. నేనూ సరే అన్నా.

తర్వాత కూరగాయలు తరుగుతా ఆలోచన చేసినా. దూడ ఉన్న ఆవు దగ్గరికి పోవద్దని చెప్పిన మనిషి పాపని ఆవుల్లో ఎందుకు వదుల్తుంది? నువ్వాడనే ఉన్నావు. ఏం జరిగిందో సరిగ్గా రాయి. నాకు దాస్తే మనం ఒక గదిలో ఇన్నాళ్ళు పడుకున్నదానికి అర్థమేముంది?

అమీర్‌బీ


ఆస్ట్రియా
ఆగస్టు రెండో వారం

అక్కా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. హన్నా పాపని తీసుకోలేదు. హన్నా తొట్టి దగ్గర సీసాల్లో నీళ్ళు పడుతోంది. పాప నా దగ్గరే ఉంది. నా చెయ్యే వదిలేసింది.

హోటల్ కౌంటర్ దగ్గర అందరూ ఉండగా మామా నా వైపు తిరిగి, "హన్నా నిన్ను కూర్చోమని పాపని తను తీసుకుంది, అవునా?" అని అడిగింది. నా నోటి వెంట హాదిర్ వచ్చేసింది. నువ్వు నేర్పిందే అక్కా. కంచం తియ్యి అన్నా, దీపం ఆర్పు అన్నా వచ్చినట్టే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. హన్నా నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు తలుచుకుంటే అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతోంది.

బూట్లు మంచం కింద పెట్టాను. తుడుస్తాను గాని వేసుకోను. నాకు సిగ్గుగా ఉంది అక్కా, నీకు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

దుర్గ


సబా అల్ సలేం
ఆగస్టు నడిమిన

దుర్గమ్మీ,

ఏడవద్దు. అలవాటు నాది, నీకు అంటించినా. నోరు జారితే పాపం సగం నాకు రాసుకో.

కానీ ఒకటి అడుగుతా. ఒకరి ఉద్యోగం పోయే మాట అది. ఆ హోటలోళ్ళు నిన్ను ఒక్కసారి అడిగి, హాదిర్ అంటే సరిపెట్టుకున్నారా? మళ్ళీ ఎవరూ అడగలేదా? నాకు ఆ సంగతి కావాల.

ఈసారి బాబా తమ్ముడు వస్తున్నాడు. కంది పొడి డబ్బాలో చూడు.

అమీర్‌బీ


ఆస్ట్రియా
ఆగస్టు చివర

అక్కా,

నీ దగ్గర దాచలేనని నాకు తెలుసు. అడుగుతావనీ తెలుసు. మొత్తం రాస్తాను.

ఆ రోజు కొండ ఎక్కుడు ఎక్కువ. నాకు ఆయాసం వచ్చి వెనకబడిపోతుంటే హన్నా అందర్నీ ఆపింది. నెమ్మదిగా నడిచేవాళ్ళు గైడు వెనకే నడవాలి, అప్పుడే అందరూ కలిసి నడుస్తారు అని చేతులతో చెప్పి నన్ను ముందుకి తెచ్చింది. ఒక సంచి తను తీసుకుంది. పాప నా చెయ్యి పట్టుకుంది. మా వెనక బాబా, ఆయన వెనక మామా. ఆవుల బీడు దాటి, గేటు దాటి, చెక్క ఇల్లున్న బీట్లోకి వచ్చాం. అక్కడ ఒక్క ఆవు లేదు. మామా, బాబా కాఫీకి లోపలికి వెళ్ళారు.

నేను గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పాను. ఎదురుగా లోయ, కింద మబ్బులు. దుర్గా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఉద్యోగంలో చేరాక నేను దేన్నీ అలా ఊరికే చూస్తూ కూర్చోలేదు. పాప చెయ్యి ఎప్పుడు వదిలేశానో నిజంగా తెలీదు. గంట చప్పుడు వినపడి తల తిప్పితే ఆవులు. ఎక్కణ్ణుంచి వచ్చాయో, పాప ఒక దూడ మెడ పట్టుకుని నవ్వుతోంది. తల్లి ఆవు తల దించింది. నేను లేవనైనా లేవలేదు. హన్నా సీసాలు పారేసి పరిగెత్తుకొచ్చి కర్ర అడ్డం పెట్టి మధ్యలో నిలబడింది. పాప వెనక్కి జరగబోయి రాయి మీద పడింది. హన్నా లేకపోతే ఇవాళ పాప ఉండేది కాదు.

కౌంటర్ దగ్గర నన్ను రెండుసార్లు అడిగారు. మొదటిసారి మామా. అది రాశాను. హన్నా, కాదు, నేను నీళ్ళ దగ్గరున్నాను అని ఒక్కసారే చెప్పింది. అప్పుడు కౌంటర్‌లో ఉండే ఈజిప్టాయన బయటికొచ్చి నా ముందు నిలబడి, మెల్లిగా అరబ్బీలో, "భయపడకు చెల్లెమ్మా. పాప చెయ్యి ఎవరి చేతిలో ఉంది?" అని అడిగాడు.

నాకు ప్రతి మాటా అర్థమైంది. మా వదిన గుమ్మం కళ్ళ ముందు కనపడింది. మామా పంపేస్తే నేను పోయేది ఆ గుమ్మంలోకే, ఆవిడ ఎప్పుడు తినమంటే అప్పుడు తినడానికే. ఆలోచించుకునే చెప్పాను. "హన్నా చేతిలో" అన్నాను. నోరు జారలేదక్కా. నాకు బూట్లిచ్చిన మనిషి కాళ్ళు నేనే విరగ్గొట్టాను.

ఇది మాత్రం పెద్ద మామాకి చదవొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

దుర్గ


సబా అల్ సలేం
సెప్టెంబర్ మొదట్లో

దుర్గా,

నేను తప్పు చేసినా. ముందే చెప్తున్నా.

నీ కాగితం రాగానే పెద్ద మామా ఆత్రంగా దిండుకి ఆనుకుని కూర్చుంది. ఎప్పటిలాగే చూసుకుంటా, అరబ్బీలో చెప్పుకుంటా పోయినా. ముందు ఒకసారి నాకు నేను చదువుకోవాలని తోచలేదు. ఎక్కుడు, ఆయాసం, లోయ అంటా చెప్తా ఉంటే ఆమె కళ్ళు మూసుకుని వింటా ఉంది. ఈజిప్టాయన దగ్గరికొచ్చేసరికి నా నోరు తడబడింది. ఆమె ఆగనియ్యలేదు. వద్దని నువ్వు రాసిన మాట అట్టడుగున ఉంది. పైన రాయకూడదా తల్లీ. మొత్తం వినేసింది.

నేను కాళ్ళు పట్టుకున్నా, దుర్గని పంపెయ్యొద్దని. ఆమె అడిగింది ఒకటే. "ఆ రోజు చివర నడిచింది ఎవరు?" నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఆ ఇంటి చుట్టూ కంచె ఉంటుంది, గేటు వేస్తే ఆవులు రాలేవు అని. నువ్వు ముందున్నావు. వెనక బాబా. ఆయన వెనక మామా.

నీ ఉత్తరం మళ్ళీ తెరిచి చూసినా దుర్గా. అన్నీ నువ్వే రాసినావు, నువ్వే చూసుకోలేదు. నేనూ చూడలేదు.

మామాతో ఏమన్నా అంటారా అని అడిగినా. తల అడ్డంగా ఊపింది. "నేను ముసలిదాన్ని, వాళ్ళొచ్చేసరికి ఇదంతా మరిచిపోతాను. ఆ పిల్ల మరిచిపోగలదేమో అడుగు" అంది. ఆ మాట నీకు రాయమంది, రాసినా.

నువ్వేం చేస్తావో నాకు తెలీదు. హాదిర్ అనమని మాత్రం ఇంక చెప్పను.

అమీర్‌బీ


ముబారక్ అల్ కబీర్, కువైట్
సెప్టెంబర్ చివర

అక్కా,

కువైట్ వచ్చి వారం దాటింది. మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉండి నీకు కనపడలేకపోయాను. విమానం దిగగానే నన్ను మామా పిన్ని కూతురి ఇంటికి పంపేశారు. కాగితాలు కూడా ఈ ఇంటికే మారుస్తున్నారు. ఫోను ఇచ్చేశారు. అయినా ఇదే రాస్తున్నాను, ఫోనులో అయితే మధ్యలో మాట మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు. డ్రైవర్ అల్లాబకష్ అన్న మీ వైపు వస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక గేటు గుర్తొచ్చి మొదట ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా సంతోషించాను. తప్పు మామాది కూడా అని చెప్పుకోవచ్చు కదా. కాసేపటికి అదీ అసహ్యమనిపించింది. గేటు తెరిచి ఉన్నా పాప చెయ్యి నా చేతిలో ఉంటే ఏమీ అయ్యేది కాదు. అందుకని గేటు మాట ఎత్తకూడదు, నాది నేను చెప్పెయ్యాలి అనుకున్నాను.

కొండల్లో ఉండగానే, హోటల్లో మాకిచ్చిన వంటింట్లో మామా నారింజ వలుచుకుంటోంది. పాప చెయ్యి వదిలింది నేనే, హన్నా కాదు, కౌంటర్ దగ్గర అబద్ధం చెప్పాను అన్నాను. అరుస్తుందనుకున్నాను. తొక్క తీస్తూనే ఉంది. ఇప్పుడెందుకు చెప్తున్నావంది. హన్నాకి బిళ్ళ రావాలన్నాను. ఇంకెవరికైనా చెప్పావా అంది. పెద్ద మామాకి తెలిసిందన్నాను. ఏమన్నారని అడిగితే, చివర నడిచిందెవరని అడిగారని చెప్పక తప్పలేదు.

మామా చేతిలో నారింజ అలాగే ఉండిపోయింది. ఆవిడ మెడ దాకా ఎర్రబడడం నేనెప్పుడూ చూడలేదు. మెల్లగా అంది, "నేను ఏ గేటూ ఎప్పుడూ వెయ్యలేదు దుర్గా. నా వెనక ఎప్పుడూ నువ్వుంటావు కదా."

అక్కా, ఆవిడకి ఆ రోజే తెలుసు. గేటు గురించి ఎవరూ అడక్కముందే హన్నా మీద మాట తోసేసింది. నన్ను అడిగినప్పుడు నేను హాదిర్ అంటాననీ తెలుసు.

నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ఈజిప్టాయనతో, అప్పుడు మీరడిగినదానికి తప్పు చెప్పాను, పాప చెయ్యి నా చేతిలో ఉంది అన్నాను. ఆయన రాసుకుని నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. సాయంత్రం మామా వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. కారణం చెప్పలేదు. గేటు మాట ఎక్కడా రాయలేదు. పాప మీద ఒట్టు, నేనూ చెప్పలేదు.

బయల్దేరే ముందురోజు బూట్లు ఇచ్చొస్తానన్నాను. మామా వద్దనలేదు. తీగ డబ్బా దాకా నాతో వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. నేను చెప్పులతో పైకి నడిచాను. బిళ్ళ తీసేశాక హన్నా ఆ చెక్క ఇంట్లోనే పాల క్యాన్లు కడుగుతోంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో చెప్పాను. నేను కూర్చున్నాను, నేను వదిలాను, నేను అబద్ధం చెప్పాను అని. చేతులు తుడుచుకుని వింది. పర్వాలేదు అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. బూట్లు తీసుకుని మడమలు తిరగేసి చూసి గుమ్మం పక్కన పెట్టింది. లోపలికెళ్ళి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్ళీ క్యాన్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అది క్షమించడమో, ఆ దారిన పోయేవాళ్ళందరికీ ఇచ్చేదో నాకు తెలీలేదు. తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. వచ్చేటప్పుడు గేటు వేసి, పడిందో లేదో లాగి చూసి, కిందకి దిగాను.

మామా నన్ను తిట్టలేదు అక్కా, మా ఊరికీ పంపలేదు. అంత మాత్రం చేసింది. కానీ నన్ను చూస్తూ ఆ ఇంట్లో ఉండలేనంది. నాకూ ఆవిడ ముఖం చూడ్డం కష్టంగానే ఉంది. ఒకళ్ళ సిగ్గు ఒకళ్ళకి తెలిశాక ఒక వంటింట్లో ఎలా తిరుగుతాం?

పాప నాకోసం ఏడుస్తోందా? నిజం రాయి.

దుర్గ


సబా అల్ సలేం
అక్టోబర్

దుర్గమ్మీ,

ఏడుస్తోంది. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. నేనూ నీ పరుపు చుట్ట మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నా, ఎవరికీ చెప్పొద్దు.

నీ కాగితం ఈసారి ముందు నేను చదువుకున్నా. తర్వాత పెద్ద మామాకి చదివినా, మజ్జిగ దాకా, గేటు దాకా. మరిచిపోతానన్న మనిషి ఏమీ మరిచిపోలేదు. హన్నాకి బిళ్ళ తిరిగి వచ్చిందో లేదో కనుక్కోమని కొడుకుని రెండుసార్లు అడిగింది. ఇచ్చేసినారంట. కానీ ఈ ఏడు జనం పోయే కాలం అయిపోయిందంట, మళ్ళీ ఎండాకాలానికే పని. అంటే ఆమెకి ఈ ఏటి ఎండాకాలం పోయినట్టే. నీకు చెప్పకుండా దాయాలనుకున్నా, కుదరలేదు.

మామా ఇప్పుడు అత్త గదిలోకి వస్తే, పోయేటప్పుడు తలుపు తనే వేసుకుని పోతోంది. దడాలున వేస్తుంది. కోపమో సిగ్గో నాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు.

నీ జాగాలో కొత్త పిల్ల వచ్చింది. వెంకటేశ్వరి అని, మీ గోదావరి పిల్లే, రెండు జడలు. మొదటిరోజు నీకు నేర్పినట్టే నేర్పబోయినా, మామా పిలిస్తే ముందు... అని నోరు తెరిచి ఆగిపోయినా. ఆ పిల్ల నా ముఖమే చూస్తా ఉంది. చివరికి, ముందు ఏమడిగిందో విను, అర్థమైనాక హాదిర్ అను అని చెప్పినా. నేర్చుకున్నట్టు తల ఊపింది. తర్వాత అంట్లు తోముతా తోముతా ఆగి, "అర్థమయ్యాక కాదనాలనిపిస్తే ఏమనాలండీ అక్కా?" అంది.

ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉన్నా, దానికి అరబ్బీలో ఏమంటారో నేను నేర్చుకోలేదు. తెలిసిన మనిషి ఒకరున్నారు, అడిగి చెప్తానని చెప్పినా. ఆ కౌంటర్ దగ్గర నువ్వు నిలబడి ఏ మాట అన్నావో అదే రాసి అల్లాబకష్ చేతికియ్యి. ఇద్దరం నేర్చుకుంటాం.

అమీర్‌బీ